తడిస్తే జారే గీత

మేమంతా ఫిల్ అని పిలిచే ఫిలొమీనా డ్రాడ్జ్ తయారుచేసిన యాంటెన్నా బిస్కెట్టు కన్నా చిన్నది. సెయింట్ జాన్స్ రేవు పక్కన ఉన్న మా వర్క్‌షాపులో నేను ముప్పై ఏళ్ళుగా యాంటెన్నాలు కొలుస్తూ వచ్చాను. అంత చిన్న రాగి రేకు మూడు పనులు చేయడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

పీతల వేటకు వెళ్ళేవాళ్ళు వేసుకునే తేలే సూటులో, ఛాతీ మీది జేబులో ఇమిడే పెట్టె కోసం చేసిందది. మనిషి నీళ్ళలో పడితే పెట్టె దానంతటదే మేలుకోవాలి. పైనున్న శాటిలైట్ల మాట విని తానెక్కడుందో తెలుసుకోవాలి, ఆ సంగతి వేరే శాటిలైట్లకు అరిచి చెప్పాలి, పడవలో గంట మోగించాలి. మూడు పనులకు మూడు పౌనఃపున్యాలు. మూడు యాంటెన్నాలు పెడితే పెట్టె ఇటుకంత అవుతుంది, తాళ్ళకు తగులుకుంటుంది, జాలరులు దాన్ని పీకి గట్టు మీద పారేస్తారు. అందుకని ఫిల్ పింగాణీ బిళ్ళ మీద ఒకే రాగి రేకు అతికించి, అందులో సన్నని చీలికలు కోసింది. కరెంటు తిన్నగా పోకుండా ఆ చీలికల చుట్టూ తిరిగి పోవాలి. దారి పొడవైతే చిన్న రేకు కూడా పెద్ద రేకులా పలుకుతుంది. ఒక్కో చీలిక ఒక్కో దారి.

చెప్పడానికి ఇంతే. చేయడానికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. వారానికో కొత్త రేకు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. నేను దాన్ని, రేడియో అలలు గోడలకు తగిలి తిరిగి రాకుండా నీలం నురుగు ముళ్ళు అతికించిన గదిలో పెట్టి కొలిచేవాణ్ణి. రేకు పలికే చోటల్లా నా స్క్రీన్ మీద గీత గుంటలా దిగుతుంది. మూడు గుంటలు, మూడూ వాటి వాటి చోట్లలో దిగాలి. మొదటి రెండూ మరీ పక్కపక్కనే ఉండేవి, ఒకటి తానెక్కడుందో వినే గుంట, రెండోది అరిచే గుంట.

“ఒకదాన్ని సర్దితే ఇంకోటి కదులుతుంది అంకుల్ ఆంబ్,” అనేది ఫిల్. “ముగ్గురు పిల్లల్ని ఒకే దుప్పటి కింద పడుకోబెట్టినట్టుంది నా బతుకు.”

“నీకు పిల్లలే లేరు కదే.”

“అందుకే దేవుడు వీటినిచ్చాడు.”

మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళను అంకుల్ అనే పిలుస్తారు. ఆమె తండ్రి, నేను ఒకే పడవలో పనిచేసినవాళ్ళం. పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుందని నేను ఒడ్డున పనిలో చేరాను. ఆయన సముద్రంలోనే ఉండిపోయాడు, శవం కూడా దొరకలేదు. ఫిల్‌కు అప్పుడు పదకొండేళ్ళు, వాళ్ళన్న లియాండర్‌కు పదహారు. ఆమె ఈ పెట్టె పని ఎందుకు పట్టుకుందో మా వర్క్‌షాపులో ఎవరూ అడగలేదు.

జూన్‌లో ఈత కొలనులో పరీక్ష చేశాం. సూటు వేసుకుని నేనే నీళ్ళలో దూకాను. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది, పిలుపు పోయింది, మా స్క్రీన్ మీద చుక్క పడింది. మా యజమాని హేవార్డ్ స్పార్క్స్ అందరికీ కేకు తెప్పించాడు. ఆ శీతాకాలం అయిదు పడవలకు సూట్లు ఇచ్చాం. లియాండర్ పడవ ‘ఆగ్నెస్ బి.’ వాటిలో ఒకటి. పచ్చ దీపం వెలిగిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టేనని వాళ్ళకు చెప్పాం.

పచ్చ దీపం నిజంగా చెప్పేది ఒక్కటే, పెట్టెకు తానెక్కడుందో తెలిసిందని. పిలుపు అందిందో లేదో దానికి తెలియదు. బ్యాటరీ ఆదా చేయడానికి అలా పెట్టాం. ఒకటి తెలిస్తే రెండోది జరిగినట్టేనని అనుకున్నాం.

ఏప్రిల్‌లో పీతల కాలం మొదలైన మూడో రోజున ఒక పడవ నుంచి చిరిగిన సూటు ఒకటి వెనక్కి వచ్చింది. జిప్పు పోయిందట. ఆ పడవ అప్పుడే రేవుకు చేరింది. సూటు ఇంకా తడిగానే ఉంది, ఛాతీ జేబు మీద ఉప్పునీళ్ళ మంచు గుజ్జుగా పేరుకుని ఉంది. మా పద్ధతి ప్రకారం ఆరబెట్టాకే కొలవాలి. ఆ రోజు మధ్యాహ్నం మా మనవరాలిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆరబెట్టే ఓపిక లేక అలాగే గదిలో పెట్టేశాను.

స్క్రీన్ మీద గీత జారిపోయి ఉంది.

మూడు గుంటలూ ఎడమకు జరిగాయి. అరవాల్సిన చోట గీత చదునుగా ఉంది. అరిచే గుంట జారి, సరిగ్గా వినే గుంట ఉండాల్సిన చోట కూర్చుంది. అంటే పెట్టెకు తానెక్కడుందో చక్కగా వినబడుతుంది. పచ్చ దీపం వెలుగుతుంది. పిలుపు మాత్రం పెట్టె దాటి బయటికి పోదు.

దీపం కేసి చూశాను. పచ్చగా వెలుగుతోంది.

అప్పుడు నాకు ఫిబ్రవరిలో ఒక రోజు గుర్తొచ్చింది. పడవ నుంచి వచ్చిన ఒక సూటును కొలిస్తే గీత ఇలాగే జారి కనిపించింది. తీగ కలిపిన చోట వదులైందనుకుని బిగించాను, టీ తాగి వచ్చి మళ్ళీ కొలిచాను. అప్పుడు సరిగ్గా ఉంది. ఆ టీ తాగినంతసేపూ సూటు హీటరు పక్కన ఉందని నాకప్పుడు తట్టలేదు. మొదటి కొలత చెరిపేసి రెండోది రాసుకున్నాను.

ఫిల్‌ను పిలిచి స్క్రీన్ చూపించాను. ఫిబ్రవరి సంగతి చెప్పలేదు.

ఆమె దగ్గరికి వంగి గీత చూసింది. జేబు గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది.

“కొత్తగా ఉన్నప్పుడు గుడ్డ మీద నీళ్ళు నిలవవు, జారిపోతాయి,” అంది. “ఉప్పు పట్టి పాతబడితే పీల్చుకుంటుంది. కొలనులో మనం కొత్త సూటు వాడాం కదా?”

“కొత్తదే. మంచినీళ్ళే. జూన్ నెల.”

“రేకు మీద తడి మంచు అంటుకుని కూర్చుంటే రేకు పెద్దదైపోయినట్టే. ఇది నాకు తెలుసు అంకుల్ ఆంబ్. చదువుకున్న మొదటి ఏడాదే నేర్పిస్తారు.” ఆమె గొంతులో ఏడుపు లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది. “అంత చిన్నదిగా చేశాను కదా, అటూ ఇటూ జరగడానికి దానికి చోటెక్కడిది.”

ఫ్రిజ్‌లోంచి మంచు తెచ్చి, ఉప్పు కలిపి గుజ్జు చేసి, వర్క్‌షాపులో ఉన్న మరో నాలుగు వాడిన సూట్ల మీద రాసి చూశాం. నాలుగూ అంతే. అరచేత్తో గుజ్జు తుడిస్తే గీత వెనక్కి వచ్చేది. మళ్ళీ రాస్తే జారేది.

హేవార్డ్ తన గదిలో శాండ్‌విచ్ తింటున్నాడు. ఆయనా నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. ఫిల్ చెప్పింది మొత్తం విన్నాడు, తింటున్నది పక్కన పెట్టాడు.

“ఎంత కాలం పడుతుంది మార్చడానికి?”

“మూణ్ణెల్లు. కానీ అది కాదు నేనడిగేది. అయిదు పడవల్నీ వెనక్కి పిలవండి.”

“కాలం మొదలై మూడు రోజులైంది. పిలిస్తే వస్తారా? రారు. ఆ సూట్లు విప్పేసి పాతవి వేసుకుంటారు. పాతవాటిలో అసలు పెట్టే లేదు. ఏది మేలు చెప్పు?”

“పాతవి వేసుకున్నవాడికి తన దగ్గర ఏమీ లేదని తెలుసు. వీళ్ళకి తెలీదు.”

“హేవార్డ్, అమ్మాయి చెప్పేది విను,” అన్నాను నేను.

“వింటూనే ఉన్నానయ్యా. నోటీసు పంపుతాను.”

గంట తరవాత పంపాడు. ఫిల్ దాన్ని పైకి చదివింది. “పరికరం సక్రమంగా పనిచేయడానికి, వీలైనంత వరకు జేబును పొడిగా ఉంచగలరు.” కాగితం బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. “సముద్రంలో పడ్డవాణ్ణి పొడిగా ఉండమంటున్నాడు.”

ఆమె పడవలకు తనే ఫోను చేసింది. నాలుగు పడవలవాళ్ళు విన్నారు, సరేనన్నారు. ఆగ్నెస్ బి. నూట ఇరవై మైళ్ళ అవతల ఉంది. గరగరల మధ్య లియాండర్ గొంతు వినిపించింది.

“ఏంటి పిల్లా, ఈ వేళప్పుడు? వంటవాడు కావాలా నీకు? క్లార్‌ని పంపిస్తా, రేపటికల్లా మీ ఇంట్లో వాళ్ళందరికీ కడుపునొప్పి.”

వెనక నుంచి క్లారెన్స్ పిప్పీ కేకేశాడు. “నేను వండిన చేపముక్కలు తినడానికి నోరు చాలట్లేదు మీ అన్నకి, నమ్మకు!”

“లీ, విను. పచ్చ దీపాన్ని నమ్మొద్దు.”

“ఏ దీపం?”

“సూటు మీది దీపం. మంచు అంటుకుంటే పిలుపు పోదు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలు. పెట్టె పంపే ముందు ఛాతీ మీద రెండుసార్లు అదురుతుంది, రెండు నిమిషాలకోసారి. అది అదరగానే జేబు మీది గుజ్జు అరచేత్తో తుడిచేసెయ్. ప్రతిసారీ. విన్నావా?”

“నువ్వే చేశావు కదే దాన్ని,” అన్నాడు లియాండర్.

“నేనే చేశాను. అందుకే చెప్తున్నా. మిగతా ఇద్దరికీ చెప్పు. వెనక్కి వచ్చేయ్ లీ.”

“ఇంకా రెండు వందల పీతల బుట్టలు ఎత్తాలి. గాలి కూడా పెరుగుతోంది, ఎత్తేసి వస్తాం. క్లార్, రూపర్ట్, విన్నారా? అదిరితే తుడుచుకోవాలంట!”

క్లార్ ఏదో బూతు జోకు వేశాడు, ముగ్గురూ నవ్వారు. ఫోను ఆగిపోయింది.

మర్నాడు పొద్దున గాలి ఉత్తరానికి తిరిగింది. రేవులో కట్టేసిన పడవల తాళ్ళ మీద కూడా తుంపర గడ్డకట్టింది. సముద్రంలో అలాంటి రోజున పడవ మీద పడిన ప్రతి చుక్కా మంచవుతుంది, పైభాగం బరువెక్కుతుంది, మనుషులు సుత్తులతో కొట్టి రాలుస్తూనే ఉండాలి. ఫిల్ ఏడింటికే వచ్చి స్క్రీన్ ముందు కూర్చుంది. నేను టీ తెచ్చి పెట్టాను, తాగలేదు. హేవార్డ్ రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి వెళ్ళిపోయాడు.

పది గంటల నలభై నిమిషాలకు ఒక చుక్క పడింది. సూటు నంబరు పక్కనే పేరు. లియాండర్ డ్రాడ్జ్.

పడవకున్న, ఆపదలో పిలుపు పంపే పెద్ద బీకన్ నుంచి పిలుపేమీ రాలేదు. పడవ బోర్లా పడిపోయిందని, బీకన్ దాని కిందే చిక్కుకుందని తరవాత తెలిసింది. ఆ క్షణాన మా దగ్గర ఉన్నది ఆ ఒక్క చుక్క.

ఫిల్ అప్పటికే గాలింపు కేంద్రానికి ఫోను కలిపింది. అక్షాంశం, రేఖాంశం చదివింది. ఆ అంకెలు చదివేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. గాండర్ స్థావరం నుంచి హెలికాప్టర్ బయల్దేరుతుందని, గాలి వల్ల ఆలస్యమవుతుందని వాళ్ళు చెప్పారు.

రెండు నిమిషాలు గడిచాయి. చుక్క రాలేదు. నాలుగు. ఆరు. ఎనిమిదో నిమిషాన ఒకటి పడింది.

“తుడుస్తున్నాడు,” అంది ఫిల్.

అక్కడి నుంచి మేము చేసినదల్లా లెక్కపెట్టడమే. పదకొండు గంటల ప్రాంతంలో వరసగా మూడు వచ్చాయి. తరవాత పావుగంట ఏమీ లేదు. ఒకటి. ఇరవై నిమిషాలు ఖాళీ. ప్రతి చుక్కా కిందటిదానికన్నా ఆగ్నేయంగా పడుతోంది, ఫిల్ ప్రతిదాన్నీ ఫోనులో చదువుతోంది. మిగతా రెండు పేర్లూ స్క్రీన్ పక్కన బూడిదరంగులో ఉన్నాయి. రూపర్ట్ హైన్స్. క్లారెన్స్ పిప్పీ.

“వాళ్ళు పడవ మీదే ఉన్నారేమో,” అన్నాను.

“ఉండొచ్చు,” అంది. ఇద్దరం నమ్మలేదు.

పన్నెండున్నరకు ఫిల్ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. “చలికి చేతులు మొద్దుబారతాయి. అదురుడు ఛాతీకి తెలుస్తుంది, కానీ చెయ్యి లేవదు. లేచినా తుడిచినట్టు తనకే తెలీదు.” తన అరచేతిని తన ఛాతీ మీద పెట్టుకుని ఒకసారి పక్కకి లాగింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియనట్టుంది. “నేను తుడవమన్నాను. బిళ్ళ ఇంకో రెండు వేళ్ళ వెడల్పు పెంచి ఉంటే తుడిచే పనే ఉండేది కాదు.”

ఒంటిగంటా యాభై రెండుకు ఒక చుక్క. అది ఆఖరిది. రెండూ ఇరవై నాలుగుకు ఫోను మోగింది. ఫిల్ వింది, తల ఊపింది, ఎదుటివాళ్ళకు తల కనపడదని గుర్తొచ్చి “విన్నాను” అంది. ఫోను పెట్టేసింది.

“ఇద్దరు దొరికారు. లీ, రూపర్ట్. ఇద్దరూ ఒకే తాడుతో కట్టుకుని ఉన్నారు. బతికే ఉన్నారు.”

“క్లార్?”

ఆమె స్క్రీన్ కేసి చూసింది. బూడిదరంగు పేరు అలాగే ఉంది.

మూడు రోజులు వెతికారు. తరవాత ఆపేశారు.

ఆసుపత్రిలో లియాండర్ చేతులకు దూది కట్లు. కుడిచేతి వేళ్ళ కొసలు మూడు తీసేశారు. పడవ ఒరిగినప్పుడు ముగ్గురూ కలిసే దూకామని, రూపర్ట్‌ను తను పట్టుకోగలిగాడని, క్లార్ ఒక అల అవతల కనిపించాడని, తరవాత కనిపించలేదని చెప్పాడు.

“తుడుచుకోరా అని అరిచా,” అన్నాడు చెల్లెలితో. “వినబడిందో లేదో. చెయ్యెత్తాడు. తుడవడానికో, నాకు చూపించడానికో తెలీదు. వాడి దీపం వెలుగుతోంది పిల్లా. పచ్చగా. అలల మధ్య అదొక్కటే కనబడింది.”

ఫిల్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను అక్కడే ఉన్నాను. ఫిబ్రవరి సంగతి అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

జూన్ రెండో వారంలో ఒక పడవవాళ్ళ వలలో తేలే సూటు పైభాగం వచ్చింది. మనిషి లేడు. జేబులో పెట్టె ఉంది. పోలీసులు దాన్ని మా దగ్గరికి తెచ్చి, లోపల నమోదైనవి తీయమన్నారు. వాళ్ళ ఎదుటే తీశాం. పెట్టె పాడవలేదు. అనుకున్న పని అనుకున్నట్టే చేసింది. తానెక్కడుందో ప్రతి రెండు నిమిషాలకూ తెలుసుకుంది, ప్రతిసారీ అరిచింది. రెండు వందల పద్నాలుగు సార్లు. బ్యాటరీ అయిపోయేదాకా, ఏడు గంటల పైన. ఒక్కటీ ఎవరికీ అందలేదు. లియాండర్, రూపర్ట్‌లను పైకి లాగిన హెలికాప్టర్ అక్కడికి మూడు మైళ్ళ లోపే ఎగిరింది.

ఆ వరసలన్నీ స్క్రీన్ మీద పైకి పోతూ ఉంటే ఫిల్ ఒక్కొక్కటీ చదివింది. పోలీసు కుర్చీ తెచ్చి ఇవ్వబోతే వద్దంది.

విచారణ జూలైలో ఒక హోటలు హాల్లో జరిగింది. క్లార్ భార్య డల్సీ ముందు వరసలో కూర్చుంది. హేవార్డ్ తను పంపిన నోటీసు చూపించాడు. దాన్ని చదవమన్నప్పుడు “వీలైనంత వరకు” అన్న చోట ఆగి, మంచినీళ్ళు తాగాడు. ఫిల్ లేచి, తప్పు తనదేనని, కొత్త గుడ్డ మీదే కాక పాత గుడ్డ మీద కూడా పరీక్షించాలని తనకు తట్టలేదని చెప్పింది. ఏప్రిల్ దాకా ఈ లోపం ఎవరికీ కనపడలేదా అని విచారణ నడిపే పెద్దాయన అడిగాడు. “లేదు,” అంది.

నన్ను పిలిచారు. అదే ప్రశ్న.

“నాకు కనపడింది,” అన్నాను. “ఫిబ్రవరిలో.”

తీగ బిగించిన సంగతి, టీ తాగిన సంగతి, కొలత చెరిపేసిన సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఫిల్ నా ముఖం చూస్తూనే ఉంది. డల్సీ మాత్రం తల ఎత్తలేదు.

బయట వరండాలో ఫిల్ నా దగ్గరికి వచ్చింది.

“ఏప్రిల్లో నాకు చూపించారే, ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది.”

“ఎవరంటే?”

“నువ్వంటేనే.”

“ఫిబ్రవరి అంటే రెండు నెలల టైము ఉండేది, అంకుల్ ఆంబ్. నాకు మూడు నెలలు కూడా పట్టేది కాదు. రాత్రింబగళ్ళూ చేసేదాన్ని.” అంతే అంది. తరవాత ఆమె నాతో అంకెలు తప్ప మాట్లాడలేదు.

కొత్త రేకు సాసరంత ఉంది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ గుమ్మటం పెట్టింది, మంచు రేకుకు ఆనకుండా మధ్య గాలి ఉండేలా. ఇప్పుడు శాటిలైట్ నుంచి జవాబు వస్తేనే దీపం వెలుగుతుంది. తాళ్ళకు తగులుకుంటోందని జాలరులు తిట్టారు. తిట్టినా వేసుకున్నారు. ప్రతి రేకునూ ఉప్పుమంచులో ముంచి రెండు గంటలు ఉంచి, తనే దగ్గర నిలబడి కొలిపించింది. నా పని ఇంకొకరికి ఇవ్వమని నేనే హేవార్డ్‌ను అడిగాను.

ఆగస్టు మొదటి వారంలో డల్సీ వర్క్‌షాపుకు వచ్చింది. పెట్టెలో ఉన్న రెండు వందల పద్నాలుగు చోట్లూ కాగితం మీద కావాలంది. ఫిల్ సముద్రపు పటం తీసి, ఒక్కో చుక్కా తనే పెట్టి, పెన్సిలుతో కలిపింది. మధ్యాహ్నమంతా పట్టింది. డల్సీ పక్కనే కూర్చుని చూసింది. గీత ఆగ్నేయంగా పోయి, ఒకచోట చిన్నగా వంపు తిరిగి, ఆగింది.

“ఇక్కడికి వెళ్ళొచ్చా?” అని అడిగింది డల్సీ, ఆఖరి చుక్క మీద వేలు పెట్టి.

“నీళ్ళు తప్ప ఏమీ ఉండవక్కడ.”

“తెలుసు.”

ఆ శనివారం లియాండర్ వేరేవాళ్ళ పడవ అడిగి తీసుకున్నాడు. చుక్కాని చక్రం ఎడమచేత్తో పట్టుకున్నాడట, కుడిచేతికి ఇంకా పట్టు రాలేదు. డల్సీ, ఫిల్, రూపర్ట్ వెళ్ళారు. పొగమంచు వల్ల గంటకు పైగా వెతుక్కుని ఆ చోటు చేరారు, ఇంజను ఆపారు. డల్సీ నీళ్ళలోకి ఏమీ వదల్లేదు, ప్రార్థన కూడా చేయలేదు. అంచు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడి, చాలాసేపయ్యాక ఇంక పోదామందట.

ఇదంతా రూపర్ట్ నాకు చెప్పాడు. నన్నెవరూ రమ్మనలేదు, నేనూ అడగలేదు.